స్విఫ్ట్ తరం మారింది సరే, జీతం ఆగితే ఎన్నాళ్లు గడుస్తుంది?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 36. ప్రైవేటు ఉద్యోగం, చేతికి రూ.64,000 వస్తుంది. ఇంటి ఖర్చులు, రూ.5,000 చిట్టీ కలిపి రూ.46,000 పోతే రూ.18,000 మిగులుతుంది. 2013 నాటి స్విఫ్ట్ వీడీఐ ఉంది. 1.35 లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఎయిర్‌బ్యాగులు లేవు. క్లచ్, లోయర్ ఆర్ములు, ముందు టైర్లు మార్చాలి, రూ.38,000 అవుతుందని మెకానిక్ అన్నాడు. అందుకే కొత్త స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్‌కు రూ.11,000 కట్టి బుక్ చేశాను. ఆన్‌రోడ్ రూ.9.80 లక్షలు. బ్యాంకు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల గడువుతో రూ.8 లక్షలు ఇస్తానంది. మిగతా రూ.1.80 లక్షలకు మా ఆవిడ నగలు కుదువపెట్టనా, చిట్టీ పాడనా? బ్యాంకులో రూ.70,000 ఉన్నాయి, అవి కదపను. పాత కారు ఊళ్లో నాన్నకు ఇస్తాను. కొత్తదానికి మైలేజీ ఎక్కువ, ధరలు కూడా పెరుగుతూనే ఉన్నాయి, ఇప్పుడే కొనడం మంచిదే కదా?

జవాబు: నగలూ వద్దు, చిట్టీ వద్దు. కారు కూడా ఇప్పుడు వద్దు. చిట్టీ మన డబ్బే కదా అనుకుంటారు గానీ, మధ్యలో పాడితే మిగిలిన వాయిదాలు కట్టాల్సిన అప్పే అది. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈఎంఐ కట్టగలనా లేదా అని అందరూ లెక్క వేసుకుంటారు. జీతం ఆగిపోతే ఎవరు కడతారన్న లెక్క మాత్రం వేసుకోరు. మీరూ వేసుకోలేదు.

ముందు ధరల టెన్షన్ సంగతి చూద్దాం. స్విఫ్ట్ 2005 మేలో మన దేశంలోకి వచ్చినప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ (రిజిస్ట్రేషన్, బీమా కలపని) ప్రారంభ ధర రూ.3.87 లక్షలు. 2011 ఆగస్టులో రెండో తరం, అంటే మీ కారు తరం, రూ.4.22 లక్షల దగ్గర మొదలైంది. 2018 ఫిబ్రవరిలో మూడో తరం రూ.4.99 లక్షలు, 2024 మేలో నాలుగోది రూ.6.49 లక్షలు. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గాక ఆ 6.49 కాస్తా రూ.5.79 లక్షలకు దిగింది. 2005 నుంచి 2024 దాకా చూసినా సగటున ఏడాదికి మూడు శాతం కూడా పెరగలేదు. మూడు శాతం పెరుగుదలకు భయపడి తొమ్మిది శాతం వడ్డీకి అప్పు చేస్తానంటున్నారు.

ఆ తేదీలు ఇంకోసారి చూడండి. ఆరేడేళ్లకోసారి తరం మారుతోంది. మీ లోను గడువూ ఏడేళ్లే. ఇదే వరసలో ఐదో తరం వచ్చేసరికి మీరింకా నాలుగోదానికి కిస్తీలు కడుతూ ఉంటారు. అప్పుడు మళ్లీ ఉత్తరం రాస్తారు.

మైలేజీ కలిసొస్తుందన్నారు. కంపెనీ లెక్క ప్రకారం మీ డీజిల్ స్విఫ్ట్ లీటరుకు 22.9 కిలోమీటర్లు, కొత్త పెట్రోల్ మాన్యువల్ 24.8. డీజిల్ రూ.95, పెట్రోల్ రూ.107 అనుకుంటే కిలోమీటరుకు రెండింటికీ నాలుగు రూపాయల చిల్లరే. పైసలు లెక్కేస్తే మీ పాత బండే కాస్త నయం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ ఇంజిన్లు ఆపేసింది కాబట్టి ఇప్పుడు స్విఫ్ట్‌లో పెట్రోల్, సీఎన్‌జీ తప్ప వేరే దారి లేదు. అలాగని మీ ఇంజిన్‌కు దిక్కులేదని కాదు. ఫియట్ రూపొందించిన ఆ 1.3 లీటర్ ఇంజిన్ డిజైర్, రిట్జ్, ఎర్టిగాల్లోనూ తిరిగింది. అది విప్పడం చేతకాని మెకానిక్ వరంగల్‌లో దొరకడం కష్టం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మీ ఆర్‌సీ 2028 దాకా చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసైతే రెన్యువల్ చేయించుకోవచ్చు.

మీరు చెప్పినవాటిలో నేను ఒప్పుకునేది ఒక్కటే, ఎయిర్‌బ్యాగులు. 2018లో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) అన్ని వేరియంట్లకూ వచ్చాయి. 2024లో ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ వచ్చాయి. కుటుంబంతో తిరిగేవాళ్లకు ఇది నిజమైన మార్పే. కానీ ఆ ఆరూ అన్నిటికన్నా చవకైన ఎల్‌ఎక్స్‌ఐలోనూ ఉన్నాయి. పై వేరియంట్‌కు మీరు అదనంగా పోస్తున్నది 9 అంగుళాల స్క్రీన్‌కు, అలాయ్ చక్రాలకు. మరో మాట. భద్రత లేదని మీరు వదిలేస్తున్న కారును నాన్నగారికి ఎలా ఇస్తారు?

ఇక అసలు సంగతి. మీ ఇంటికి నెలకు రూ.46,000 కావాలి. జీతం ఆగినా ఇల్లు గడవాలంటే ఆరు నెలల ఖర్చు నిధిగా పక్కన ఉండాలి, అంటే రూ.2.76 లక్షలు. మీ దగ్గరున్నవి రూ.70,000, అంటే నెలన్నర తిండి. కారు లోను ఈఎంఐ రూ.12,870 పడుతుంది. దాంతో నెల ఖర్చు రూ.58,870కి, ఆరు నెలల నిధి రూ.3.53 లక్షలకు పెరుగుతాయి. కావాల్సింది పెరుగుతుంది, కూడబెట్టగలిగేది మాత్రం రూ.18,000 నుంచి రూ.5,130కి పడిపోతుంది. ప్రైవేటు ఉద్యోగం, ఇంటికి ఒక్క జీతం. కంపెనీ రెండు నెలలు జీతం ఆపితే మూడో నెల ఏం చేస్తారు?

నగల లెక్క ఇంకా ఘోరం. రూ.1.80 లక్షలకు 10 శాతం వడ్డీ అనుకుంటే ఏడాది తిరిగేసరికి రూ.1.98 లక్షలు కట్టి విడిపించాలి. నెలకు రూ.5,130 చొప్పున ఏడాదంతా దాచినా రూ.62,000 లోపే. కదపనన్న ఆ రూ.70,000 కలిపినా రూ.1.32 లక్షలు దాటదు. అప్పుడు వడ్డీ మాత్రం కట్టి మళ్లీ కుదువపెడతారు. కరీంనగర్‌లో నా క్లయింట్ ఒకాయన ఇలాగే రెండుసార్లు తిప్పాడు, మూడోసారి వేలం నోటీసు వచ్చింది. ఏటా విలువ తగ్గే బండి కోసం విలువ పెరిగే బంగారాన్ని తాకట్టు పెట్టడం తెలివైన పని కాదు. ఆ నగలు మీవి కూడా కావు, ఆమెవి.

మెకానిక్‌కు రూ.38,000 ఇచ్చి బండి బాగుచేయించండి. కొత్త కారు మూడు నెలల కిస్తీ కన్నా తక్కువే అది. మిగిలే రూ.32,000తో మొదలుపెట్టి, జీతం పడిన మర్నాడే రూ.18,000 పక్కకు వెళ్లేలా పెట్టుకోండి. సగం ఆర్డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్ (కావాలన్నప్పుడు త్వరగా తీసుకోగల మ్యూచువల్ ఫండ్). 14 నెలల్లో ఆరు నెలల నిధి పూర్తవుతుంది. కంపెనీ ఇచ్చే హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా ఇంటిల్లిపాదికీ వర్తించే ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీ తీసుకోండి. ఆ ప్రీమియం వల్ల ఒకటి రెండు నెలలు ఎక్కువ పట్టినా పర్వాలేదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ ఇప్పుడే. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ గురించి తర్వాత ఆలోచిద్దాం.

నిధి నిండాక అదే రూ.18,000 ఇంకో 14 నెలలు వేస్తే రూ.2.52 లక్షలు. దానికి పాత కారు అమ్మిన డబ్బు కలిపి ఎల్‌ఎక్స్‌ఐ కొనండి. ఇప్పటి ధరల్లో ఆన్‌రోడ్ రూ.7 లక్షల దగ్గర పడుతుంది. నాలుగేళ్ల గడువుతో రూ.4 లక్షల లోపు లోను చాలు, కిస్తీ రూ.10,000 దాటదు.

బుకింగ్‌కు కట్టిన రూ.11,000 వెనక్కి ఇవ్వమని రేపే షోరూమ్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్లో చెబితే సరిపోదు. రద్దు ఛార్జీ కింద ఎంతో కొంత పట్టుకుంటామంటే రసీదు వెనక షరతులు చదివి, అందులో ఉన్నంతే ఒప్పుకోండి.