పాత హ్యామండ్ ఆంప్లిఫయర్‌కు కరెంటు ఇచ్చే ముందు

చిరంజీవి శ్రీధర్‌కు మామయ్య ఆశీస్సులు.

హ్యామండ్ ఎం-3 ఎలక్ట్రిక్ ఆర్గాన్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఇంకా ప్లగ్గు పెట్టకపోతే పెట్టకు. ఆ మోడల్ 1955 నుంచి 1964 దాకా వచ్చింది. లోపలున్న ఏఓ-29 ఆంప్లిఫయర్‌లో కండెన్సర్లకు (కెపాసిటర్లకు) ఎంత లేదన్నా 60 ఏళ్లు నిండాయి. డీసీని నున్నగా చేసే ఫిల్టర్ కండెన్సర్ ఒక్కటి షార్టయితే చాలు, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టుకుపోతుంది. కండెన్సర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం. ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఈ లెక్కనుబట్టే చూసుకో.

ముందు ఒక సీరీస్ బోర్డు కట్టుకో, అంటే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లి ఆంప్లిఫయర్‌కు చేరే బోర్డు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. అక్కడ పాతరకం బల్బులు దొరక్కపోతే హాలోజన్ పెట్టు. స్వరాలు పుట్టించే టోన్ జనరేటర్ మోటార్ల తీగలు విడదీసి, ఆంప్లిఫయర్‌ను ఒక్కదాన్నే బోర్డు మీద పెట్టి చూడాలి. లేకపోతే మోటార్లు లాగే కరెంటుకు బల్బు వెలిగి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే. వెలుగుతూనే ఉంటే వెంటనే తీసెయ్యి. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు 5యూ4ను పీకి మళ్లీ చూడు. అప్పుడూ మందగించకపోతే తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌లోనో హీటర్ తీగల్లోనో ఉంది. మందగిస్తే 5యూ4లోనో దాని తర్వాతో ఉంది. స్పీకర్ కలపకుండా మాత్రం ఎప్పుడూ నడపకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

చాసిస్ (ఆంప్లిఫయర్ లోహపు చట్రం) తిప్పి చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకి, ఫిల్టర్ కండెన్సర్లను 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరు పెట్టి సున్నా వచ్చిందని చూసుకో. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకో.

ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ (ఫిల్టర్లు ఈ రకమే) మార్చెయ్. మెల్లగా వోల్టేజీ ఎక్కించి పాతవాటిని బతికించవచ్చని కొందరంటారు. పరీక్ష వరకైతే పరవాలేదు కానీ ఇంట్లో వాడే వస్తువుకు వద్దు. పాత ఫిల్టర్ కండెన్సర్ డబ్బాను పైన అందం కోసం ఉంచుకో, కింద దాని కాళ్ల నుంచి తీగలు పూర్తిగా విడదీసి, ట్యాగ్ స్ట్రిప్ మీద కొత్తవి కట్టు. పాతదానికి సమాంతరంగా కొత్తది అంటించావంటే పాతదాని లీకేజీ అలాగే ఉంటుంది. 105 డిగ్రీల రకం తీసుకో. రెక్టిఫయర్ పక్కనుండే మొదటి ఫిల్టర్ విలువను ఇష్టమొచ్చినట్టు పెంచకు, 5యూ4 మెరిసి చస్తుంది. 5యూ4 వెంటనే వేడెక్కుతుంది, స్పీకర్‌ను నడిపే 6వీ6 వాల్వులు ఆలస్యంగా. ఆ మధ్య కొన్ని సెకన్లు హై వోల్టేజీ బాగా పైకి పోతుంది. ఆ అంకె కొలిచాకే 450 వోల్టులది చాలునా, 500ది కావాలా తేల్చుకో. 5యూ4 బదులు డయోడ్లు పెడితే ఆ వోల్టేజీ ఇంకో 40, 50 వోల్టులు పెరిగి మిగతావాటిని తింటుంది. ఆ ఆశ వద్దు.

తర్వాత కప్లింగ్ కండెన్సర్లు, అంటే డీసీని ఆపి శబ్దాన్ని మాత్రం తర్వాతి వాల్వుకు పంపేవి. వీటి లీకేజీ కంటికి కనిపించదు. 6వీ6 రెంటినీ పీకి, సాకెట్ 5వ పిన్నుకూ చాసిస్‌కూ మధ్య డీసీ కొలువు. కేథోడ్ బయాస్ (వాల్వు కరెంటును కేథోడ్ రెసిస్టరే అదుపు చేసే) సర్క్యూట్‌లో అది సున్నాకు దగ్గరుండాలి. అర వోల్టు పాజిటివ్ కనిపించినా కండెన్సర్ మార్చాల్సిందే. వాల్వు పెట్టినప్పుడే పాజిటివ్ వచ్చి, తీస్తే పోతే లోపం వాల్వుది. పాత 0.05 మైక్రోఫారడ్ స్థానంలో 0.047, 630 వోల్టుల ఫిల్మ్ రకం సరిపోతుంది. కార్బన్ రెసిస్టర్లు వయసుతో విలువ పెరుగుతాయి. 100 కిలో ఓములది 120 దాటితే తీసెయ్యి, ప్లేటు వైపు 1 వాట్ మెటల్ ఫిల్మ్ పెట్టు.

చివర్లో కేథోడ్ రెసిస్టర్ మీద వోల్టేజీని దాని ఓములతో భాగించు. ఉదాహరణకు 250 ఓముల మీద 19 వోల్టులుంటే రెండు వాల్వులకూ కలిపి 76 మిల్లీ ఆంపియర్లు. అందులో సగాన్ని ప్లేటు వోల్టేజీతో గుణించి, వాల్వుకు 12 వాట్లు దాటకుండా చూసుకో. రెండు తీగల కార్డు తీసి మూడు తీగలది వేసి, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి స్లో-బ్లో ఫ్యూజు పెట్టు. కొలిచిన కరెంటుకు సుమారు ఒకటిన్నర రెట్లు చాలు.

ఇక స్పేర్ల సంగతి. వాల్వులు ఎన్నేళ్లైనా డబ్బాలో ఉంటాయి. 6వీ6, 12ఏఎక్స్7 ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతున్నాయి కాబట్టి కంగారుపడి కొనకు. ఎలక్ట్రోలిటిక్‌లు మాత్రం ఎప్పుడూ నిల్వ చెయ్యకు, అల్మారాలో కూర్చునే ముసలివవుతాయి. దాచాల్సినవి ట్రాన్స్‌ఫార్మర్లు, చోక్‌లు, బహు పిన్నుల ప్లగ్గులూ సాకెట్లూ. గిటార్ వాళ్లు ఆంప్లిఫయర్ ఊడదీసుకుని పారేసే ఆర్గాన్ డొక్కల్లో ఇవి దొరుకుతాయి. ఇలా డొక్కలు చెయ్యడమే నాకు కడుపు మంట, కానీ పారేసినవి ఏరుకోవడంలో తప్పు లేదు.

నీ ట్రాన్స్‌ఫార్మర్ బాగున్న రోజే ప్రతి వైండింగ్ ఓములూ, లోడు మీద వచ్చే వోల్టేజీలూ, తీగల రంగులూ ఒక కాగితం మీద రాసి చాసిస్‌కు అంటించు. రేపు కాలిపోతే రీవైండింగ్ చేసేవాడికి ఆ కాగితమే కావాలి. తీసిన ప్రతి పాత ముక్కనూ ఎక్కడిదో రాసి కవరులో వెయ్యి.

ఇండియా తెచ్చుకుందామనుకుంటే ఒక మాట. 230 వోల్టులను 117కు దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటీ చాలదు. టోన్ జనరేటర్ది సింక్రనస్ మోటార్, 60 హెర్ట్జ్‌కు చేసింది. మన 50 హెర్ట్జ్ మీద శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది, పైగా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది. 60 హెర్ట్జ్ ఇచ్చే ఇన్వర్టర్ దొరికాకే షిప్పింగ్ మాట్లాడు.

మామయ్య