ఇల్లు ఎంత దగ్గరుంటే సీటొస్తుంది?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాం. మా ఆయనకి ఇంగ్లండ్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఈ 2026 వేసవిలో బయల్దేరాలి, ఆఫీసు స్లౌ దగ్గర. బాబు 2015 నవంబర్‌లో పుట్టాడు, ఐదో తరగతి అయిపోయింది. అక్కడుంటున్న మా ఆడపడుచు "మంచి హైస్కూలు పక్కనే ఇల్లు తీసుకోండి వదినా, దూరం చూసే సీటిస్తారు" అంటోంది. స్కూలు పక్కన అద్దెలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. అర మైలు లోపుంటే చాలా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: దూరం చూస్తారు, నిజమే. కానీ ముందు చూసేది అది కాదు. ఇంగ్లండ్‌లో ప్రతి ప్రభుత్వ స్కూలూ తన సీట్లు ఏ వరసలో ఇస్తుందో రాసి పెట్టాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) రాసిచ్చే చదువు ప్లాన్‌లో ఆ స్కూలు పేరే ఉంటే వాళ్లకి సీటు ఇచ్చి తీరాలి, తర్వాత ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలు, ఆ తర్వాత చాలాచోట్ల అదే స్కూల్లో అన్నో అక్కో చదువుతున్నవాళ్లు, చర్చి స్కూలైతే మతం కూడా. ఇంతమంది అయ్యాక మిగిలిన సీట్లకి ఇళ్ల దూరం కొలుస్తారు. అందుకే అర మైలు చాలా అంటే ఎవరూ చెప్పలేరు. నిరుడు ఒక మైలు దూరం వాళ్లకి కూడా ఇచ్చిన స్కూలు, ఈ ఏడు తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎక్కువమంది వస్తే ముప్పావు మైలు దగ్గరే ఆగిపోవచ్చు.

చివరి సీటు ఎంత దూరం వాళ్లకి వెళ్లిందో చాలా కౌన్సిళ్లు ఏటా ప్రకటిస్తాయి. ఒక్క ఏడాది అంకె చూసి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకండి, మూడు నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టి అందులో అన్నిటికంటే తక్కువ దూరాన్నే నమ్మండి. ఇంకో మాట, చాలాచోట్ల కొలిచేది నడిచే దారి కాదు, మ్యాప్ మీద సూటి గీత. మధ్యలో రైలు పట్టాలుండి బాబు చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చినా లెక్కలో మీరు దగ్గరే. కొన్ని స్కూళ్లు మాత్రం నడిచే దారే కొలుస్తాయి, కొన్ని ఫలానా ఏరియా వాళ్లకే ముందు అంటాయి, కాబట్టి ఆ స్కూలు అడ్మిషన్ పాలసీ పూర్తిగా చదవాల్సిందే. కౌన్సిల్ సరిహద్దు దాటి ఉన్నామని భయపడక్కర్లేదు, వేరే కౌన్సిల్ వాళ్లన్న ఒక్క కారణంతో పిల్లల్ని వెనక్కి నెట్టకూడదని 1989లో గ్రీనిచ్ కేసులో తీర్పొచ్చింది.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటుంది. బాబు పుట్టిన తేదీ ప్రకారం హైస్కూలు, అంటే అక్కడి ఇయర్ 7, 2027 సెప్టెంబర్‌లో మొదలవుతుంది. ఈ సెప్టెంబర్‌లో చేరాల్సింది ఇయర్ 6లో, అది ప్రైమరీ. అంటే మీకు కావాల్సింది రెండు స్కూళ్లు! ప్రైమరీ సీటు ఖాళీ ఎక్కడుంటే అక్కడే దొరుకుతుంది, అది ఇంటి పక్కదే కావాలని పట్టు పట్టకండి. హైస్కూలు అప్లికేషన్ మీరుండే కౌన్సిల్‌కి అక్టోబర్ 31 లోపు ఇవ్వాలి, ఫలితం మార్చి 1న. అందులో కనీసం మూడు స్కూళ్లు రాసుకోవచ్చు, లండన్‌లో అయితే ఆరు. ఒక్కటే రాస్తే ఆ ఒక్కటే ఇస్తారనుకునేవాళ్లున్నారు, అలా జరగదు, అది రాకపోతే ఎక్కడో ఖాళీ ఉన్నది అంటగడతారు. నన్నడిగితే ఇష్టమైన వరసలోనే రాయండి, కానీ ఖాయంగా దూరంలోకి వచ్చే స్కూలు ఒకటి తప్పక ఉండాలి. స్లౌలో గ్రామర్ స్కూళ్లు, అంటే ప్రవేశ పరీక్ష పెట్టి సీట్లిచ్చే ప్రభుత్వ హైస్కూళ్లు కూడా ఉన్నాయి, ఆ పరీక్ష సెప్టెంబర్‌లో, రిజిస్ట్రేషన్ అంతకంటే ముందే మూసేస్తారు, కాబట్టి ఆ ఆశ ఉంటే సామాన్లు సర్దకముందే వాళ్ల వెబ్‌సైట్ చూడండి.

వెయిటింగ్ లిస్టులో ముందు చేరినవాళ్లకి ముందు అనేది లేదు, అక్కడా అదే వరస, మీ తర్వాత వచ్చి మీకంటే దగ్గరుండే కుటుంబం మీ పైకి వెళ్తుంది. స్నేహితుల అడ్రస్ రాయడం, రెండు నెలలకి ఉత్తుత్తి అద్దె ఇల్లు చూపించడం లాంటి సలహాలు మనవాళ్లే ఇస్తారు, వినకండి. తప్పుడు అడ్రస్ అని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు.

ప్రశ్న: మేము కేఆర్ పురంలో ఉంటాం. పాపని ఎనిమిదో తరగతికి ఒక ప్రైవేట్ స్కూల్లో అడిగితే ఇల్లు దూరం, సీటివ్వలేం అన్నారు. విద్యా హక్కు చట్టంలో దూరం గురించి ఉందట కదా, దాన్ని పట్టుకుని అడగొచ్చా?

జవాబు: ఆ చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఐదో తరగతి వరకు కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లు అని ఉన్న మాట నిజమే, కానీ ఆ దూరంలో బడి ఉండేలా చూడమని చెప్పింది ప్రభుత్వానికి. ప్రైవేట్ స్కూలు మీకు సీటివ్వాలని కాదు. ప్రైవేట్ స్కూళ్లలో పేద, వెనకబడిన పిల్లలకిచ్చే 25 శాతం కోటా కూడా మొదటి క్లాసులో చేరేటప్పుడే, పైగా కర్ణాటకలో 2019 నుంచి, దగ్గర్లో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ఉంటే ప్రైవేట్ వాళ్లకి ఆ బాధ్యతే లేదు. దూరం అన్నది చాలాసార్లు బస్సు రూటు లేదనడానికి ఇంకో పేరు, మేమే దింపుతాం అని రాసిచ్చి ఒకసారి అడిగి చూడండి. ఈలోగా మీ దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలుకీ వెళ్లి రండి, ఇక్కడ హైస్కూలు మొదలయ్యేదే ఎనిమిదితో కాబట్టి కొత్తగా చేరేది మీ పాప ఒక్కతే కాదు.