హనుమకొండలో ఇంటికీ, ఆఫీసుకూ కలిపి ఏ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోవాలి?

నయీంనగర్‌లో కింద పన్నుల ఆఫీసు, పైన ఇల్లు పెట్టుకుంటున్నానని, రెండింటికీ ఏ కంపెనీ నమ్మదగినదని మీరు అడిగారు. సుబేదారిలో అదే పనిలో ఉన్నవాడిగా నా అనుభవం చెబుతున్నాను. కంపెనీ పేరు కన్నా ముందు, మీ వీధిలో లైను తెగితే వచ్చి అతికేది ఎవరో, ఎంతసేపట్లో వస్తారో కనుక్కోండి. ఒకే కంపెనీ సేవ బాలసముద్రంలో ఒక తీరుగా, కాజీపేటలో మరో తీరుగా ఉంటుందంటే, చాలాచోట్ల స్తంభం మీది పెట్టె నుంచి ఇంటి దాకా లైను చూసుకునేది స్థానిక కేబుల్ ఆపరేటరో, కాంట్రాక్టు టెక్నీషియనో కావడమే కారణం. అందుకే మీ వరుసలోని జిరాక్స్ సెంటర్‌నో, మందుల దుకాణాన్నో అడగండి. స్పీడ్ ఎంతని కాకుండా, పోయిన వానాకాలంలో లైను పోతే ఎప్పటికి బాగు చేశారని అడగండి.

నా పాత కనెక్షన్ ఒకసారి సరిగ్గా 20వ తేదీన, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీ గడువు రోజున, వానకు ఆగిపోయింది. ఆలస్యమైతే క్లయింటుకు రోజుకు 50 రూపాయల రుసుము పడుతుంది. టెక్నీషియన్ మరునాడు గానీ రాలేదు. ఆ పూట ఫోన్ హాట్‌స్పాట్‌తోనే రిటర్నులన్నీ వేశాం. రౌటర్ మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మినుకుతోందంటే ఫైబర్‌లో వెలుతురు మీ దాకా రావడం లేదన్నమాట. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే అది బాగుపడదు, అతుకో తీగో చూడాల్సిందే. కనెక్షన్ ఇచ్చే రోజే, ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలాన్ని డీబీఎంలలో కొలిచే పవర్ మీటర్ రీడింగ్ చూపించమనండి: మైనస్ 20 డీబీఎం దరిదాపుల్లో ఉంటే నిశ్చింత, మైనస్ 27 దగ్గరికి జారితే అప్పుడే అతుకులు మళ్లీ వేయించుకోండి, ఎందుకంటే తర్వాత అంత శ్రద్ధ ఎవరూ పెట్టరు.

స్పీడ్ విషయంలో మీకు 100 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. సీసీ కెమెరాలను బయటి నుంచి చూడాలంటే మాత్రం అప్‌లోడ్ స్పీడ్ ఎంతో, స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, ఇస్తారో లేదో అడగాలి. లీజ్డ్ లైన్‌కు, అంటే మీ ఒక్కరికే కేటాయించే లైనుకు, అద్దె చాలా ఎక్కువ, పైగా 99.5 శాతం సమయం లైను పనిచేస్తుందని హామీ ఇచ్చినా, నెలకు మూడున్నర గంటలు పోవడం ఆ హామీలోనే ఇమిడి ఉంటుంది. మన స్థాయి ఆఫీసుకు దానికన్నా రెండో కనెక్షనే మేలని నా అభిప్రాయం. అయితే రెండూ ఒకే స్తంభాల మీదుగా వచ్చే ఫైబర్లయితే, చెట్టు కొమ్మ పడితే రెండూ తెగుతాయి. కనుక రెండోది జియో, ఎయిర్‌టెల్ వారి ఎయిర్‌ఫైబర్ లాంటి వైర్‌లెస్ కనెక్షన్ కావాలి. రౌటర్లకు చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోండి.

కనెక్షన్ మీ సంస్థ పేరు మీద, జీఎస్టీ నంబరుతో తీసుకుంటే, ఆఫీసు వాడకం మేరకు 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) రాసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లడానికి అది కావాలి. ఏడాది ప్యాక్‌కు ఇన్‌స్టలేషన్ ఉచితమన్నా ఒప్పుకోకండి. ఒక వానాకాలం గడిచేదాకా నెలనెలా కట్టండి.