వరల్డ్ క్లబ్ ఛాలెంజ్ ఉత్త ట్రయల్ మ్యాచేనా? పెన్రిత్‌లో మేం చూసింది చెబుతాను

మీరు సిడ్నీకి కొత్తగా వచ్చారు. ఆఫీసులో వాళ్ళేమో "వరల్డ్ క్లబ్ ఛాలెంజ్ సీజన్ ముందు ఆడే ట్రయల్ మ్యాచ్ లాంటిది, టికెట్ డబ్బులు దండగ" అన్నారు. రగ్బీ ఓనమాలు తెలియని మేం పిల్లల్ని తీసుకుని వెళ్తే ఏమైనా అర్థమవుతుందా అని అడిగారు. స్టేడియంలో నేను చూసింది ఒక్కటే మ్యాచ్. 2023 ఫిబ్రవరి 18న సిడ్నీ పడమటి చివరనున్న పెన్రిత్‌లో, అక్కడి పాంథర్స్ క్లబ్‌కీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన సెయింట్ హెలెన్స్‌కీ జరిగింది. అది చూసిన మనిషిగా చెబుతున్నాను, ట్రయల్ మ్యాచ్ కానే కాదు. తప్పకుండా వెళ్ళండి.

ముందు పోటీ సంగతి. ఆస్ట్రేలియాలో ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) గెలిచిన క్లబ్బూ, ఇంగ్లండ్‌లో అలాంటి పెద్ద పోటీ అయిన సూపర్ లీగ్ గెలిచిన క్లబ్బూ కొత్త సీజన్ మొదట్లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడతాయి. గెలిచినవాళ్ళు ప్రపంచ క్లబ్ ఛాంపియన్లు. 1976లో సిడ్నీలో ఇక్కడి ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్ ఇదే సెయింట్ హెలెన్స్‌ని 25-2తో ఓడించింది. ఈ వరసకి అదే మొదలు. మధ్యలో జరగని ఏళ్ళు చాలా ఉన్నాయి. 1987లో ఇంగ్లండ్‌లోని విగన్‌లో ఆ ఊరి క్లబ్బూ, సిడ్నీ క్లబ్ మాన్లీ ఆడితే ఒక్క ట్రై కూడా పడలేదు, అన్నీ పెనాల్టీ గోల్సే, 8-2తో విగన్ గెలిచింది. ఆ మ్యాచ్‌కి దాదాపు 37 వేల మంది వచ్చారు. ట్రయల్ మ్యాచ్‌కి అంతమంది రారు కదా.

మీ ఆఫీసు వాళ్ళ మాటకీ కారణం ఉంది. ఎన్‌ఆర్‌ఎల్ మొదలయ్యేది మార్చిలో. ఫిబ్రవరికి ఇక్కడి ఆటగాళ్ళు సెలవుల నుంచి వచ్చి ఒళ్ళు వంచుతూ ఉంటారు. పైగా ఎక్కువసార్లు ఆ చలిలో ఇంగ్లండ్ దాకా వెళ్ళి ఆడాల్సి వస్తుంది. అందుకని ఓడిపోయినప్పుడు ఇక్కడివాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోనట్టు మాట్లాడతారు. 2023లో మాత్రం ఆ మాటకి చోటు లేదు. మ్యాచ్ పెన్రిత్ సొంత గడ్డ మీద, వాళ్ళ సొంత ఎండలో. 17 వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చింది అవతలివాళ్ళు.

మేం ఉండేది తూంగాబీలో. మా అబ్బాయికి అప్పుడు పదమూడేళ్ళు. వాడి క్లాసులో సగం మంది పాంథర్స్ అభిమానులు, వీడూ అంతే. సంక్రాంతి వెళ్ళాక మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చి మూడు నెలలు ఉన్నారు. వయసులో ఉండగా చెడుగుడు బాగా ఆడిన మనిషి. పండగ పోటీలకి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పిలుచుకుని వెళ్ళేవారట. ఇక్కడ పగలంతా ఇంట్లో ఏమీ తోచక కూర్చుంటున్నారని, మనవడే "తాతయ్యా, నువ్వూ రా" అని పట్టుబట్టి టికెట్ తీయించాడు.

ట్రైన్‌లో బ్లాక్‌టౌన్ దాటేసరికి పెట్టె నిండా నల్ల జెర్సీలే. వాడు తాతకి ఆట చెప్పడం మొదలుపెట్టాడు. మీకూ అదే చెబుతాను, ఇంతకంటే తెలియక్కర్లేదు. జట్టుకి 13 మంది. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకి పోవాలంటే పట్టుకుని పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. అవతలివాళ్ళు పట్టుకుని పడేస్తే ఒక ట్యాకిల్ అయినట్టు. పడినవాడు లేచి బంతిని కాలికింద నుంచి వెనక్కి నెడతాడు, ఆట మళ్ళీ మొదలవుతుంది. ఇలా ఆరు ట్యాకిళ్ళు పూర్తయితే బంతి అవతలివాళ్ళది, అందుకే ఐదోది అయ్యాక మామూలుగా తన్నేస్తారు. చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. తర్వాత కన్వర్షన్ తన్ని గోల్ చేస్తే ఇంకో 2. పెనాల్టీ గోల్‌కీ 2. బంతిని నేలమీదికి వదిలి, అది లేచేటప్పుడు తన్ని కర్రల మధ్య నుంచి పంపితే అది డ్రాప్ గోల్, దానికి 1.

నాన్న అంతా విని, "గీత దాటితే చాలదా, నేలకి ఆనించాలా?" అని అడిగారు. ఆనించాల్సిందే అన్నాడు వాడు. "మా ఆటలో తాకి గీత ముట్టుకుంటే చాలు. ఇది ఇంకా కష్టం" అన్నారు. అప్పటికే ఆయనకి ఆట నచ్చిందని నాకు తెలిసిపోయింది.

మా ముందు వరసలో సెయింట్ హెలెన్స్ వాళ్ళు ఐదారుగురు కూర్చున్నారు. తెల్ల జెర్సీ మీద ఛాతీ నిండా ఎర్రటి వి అక్షరం, దూరం నుంచే తెలిసిపోతుంది. వాళ్ళలో ఒక పెద్దాయన మా నాన్న ఈడు ఉంటారు. మెడ, చేతులు ఎండకి కందిపోయి ఉన్నాయి. జీవితమంతా గాజు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారట. సెయింట్ హెలెన్స్ అంటేనే గాజుకీ బొగ్గుకీ పేరుపడ్డ ఊరు. అంతకు వారం ముందు వొలన్‌గాంగ్‌లో వాళ్ళ జట్టు ఆడిన ప్రాక్టీస్ మ్యాచ్‌కీ వెళ్ళొచ్చారు. "అది ప్రాక్టీస్. ఇది కాదు" అన్నారు. మీరడిగిన దానికి జవాబు ఆ మాటలోనే ఉంది.

ఈ ఆట పుట్టుక తెలిస్తే ఆయన అలా అనడం ఇంకా బాగా అర్థమవుతుంది. 1895కి ముందు రగ్బీ ఒక్కటే. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదని నియమం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడేవాళ్ళేమో గనుల్లో, మిల్లుల్లో పనివాళ్ళు. శనివారం మ్యాచ్‌కి వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి వరకైనా ఇప్పించండని అడిగితే పెద్దలు ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. అలా విడిపోయినవాటిలో సెయింట్ హెలెన్స్ ఒకటి. 15 మంది ఆడే యూనియన్, 13 మంది ఆడే లీగ్ అని మీరు వినే తేడాకి బీజం అక్కడే పడింది. పెన్రిత్ కూడా అలాంటి ఊరే. నగరానికి పడమటి చివర, బ్లూ మౌంటెన్స్ పాదాల దగ్గర, ఎక్కువగా కష్టజీవులుండే ప్రాంతం. పాంథర్స్‌లో చాలామంది ఆ చుట్టుపక్కల పెరిగిన పిల్లలే.

ఆ రోజు వచ్చింది 13,873 మంది. పాంథర్స్ 2021, 2022 ఎన్‌ఆర్‌ఎల్ విజేతలు. సెయింట్ హెలెన్స్ 2019 నుంచి వరసగా నాలుగేళ్ళు సూపర్ లీగ్ గెలిచి వచ్చింది. కానీ నాలుగు టైటిళ్ళలో చివరి మూడింటిని గెలిపించిన కోచ్ వెళ్ళిపోయాడు. కొత్త కోచ్ పాల్ వెలెన్స్, ఒకప్పుడు అదే క్లబ్‌కి ఆడినవాడు. స్టేడియంలో వాళ్ళు గెలుస్తారని అనుకున్నవాళ్ళు మా ముందు వరస తప్ప పెద్దగా లేరు.

మొదటి సగంలో సెయింట్ హెలెన్స్ వైపు జాక్ వెల్స్‌బీ, కాన్రాడ్ హరెల్ ట్రైలు కొట్టారు. చుట్టూ నల్ల జెర్సీలన్నీ నిశ్శబ్దం. మావాడు గోళ్ళు కొరుకుతున్నాడు. నాన్న మాత్రం ట్రైల గురించి ఒక్క మాట అనలేదు. ఆయన చూపంతా ట్యాకిళ్ళ మీదే. "చూడమ్మాయ్, ఒక్కడు కాళ్ళకి పోతున్నాడు, ఇద్దరు పైన పట్టుకుంటున్నారు. కాళ్ళకి పోయినవాడు కళ్ళు మూసుకోవడం లేదు" అని చూపించారు. నిజమే. ప్రతి ట్యాకిల్ అవగానే ఆ తెల్ల జెర్సీలు పది మీటర్లు వెనక్కి పరుగెత్తి, గీత గీసినట్టు నిలబడి, మళ్ళీ అందరూ ఒక్కసారే ముందుకొస్తున్నారు. వెనక్కి, ముందుకి, వెనక్కి, ముందుకి. టీవీలో బంతి వెంట పోయే కెమెరాకి ఇది సరిగా కనపడదు. స్టేడియానికి వెళ్ళమని నేను చెప్పడానికి సగం కారణం ఇదే. బంతి లేనివాళ్ళు ఎంత కష్టపడతారో అక్కడే తెలుస్తుంది.

సెయింట్ హెలెన్స్ కెప్టెన్ జేమ్స్ రోబీకి అప్పటికి 37 ఏళ్ళు. 2004 నుంచి ఒకే క్లబ్. రెండో సగంలో పాంథర్స్ ఒత్తిడి పెంచినప్పుడు, ఒకసారి మా వైపు గీత దగ్గర ట్యాకిల్ చేసి మోకాళ్ళ మీద లేచాడు. నోటితో గాలి పీలుస్తూ ఒక్క క్షణం నేల పట్టుకున్నాడు. జుట్టు తలకి అంటుకుపోయింది, మోచేతికి గడ్డి అంటింది. అంతలోనే లేచి వరసలో కలిశాడు. నాన్న తన మోకాలు నిమురుకుంటూ, "ఈ వయసులో లేవడం ఎంత కష్టమో నాకు తెలుసు" అన్నారు. అప్పటి నుంచి ఆయన మనవడి జట్టుని వదిలేసి అవతలి పక్షం అయిపోయారు.

ఐజాక్ టాగో ట్రైతో పెన్రిత్ లేచింది. ఆ తర్వాత, ఇక అయిపోయింది అనుకుంటున్న చివరి నిమిషాల్లో బ్రయన్ టోఓ ట్రై కొట్టాడు. మావాడు గాల్లో ఉన్నాడు. కానీ ట్రై పడింది అంచు దగ్గర. ట్రై ఎక్కడ పడితే దానికి తిన్నగా వెనక్కి వెళ్ళి అక్కడి నుంచే కన్వర్షన్ తన్నాలి, కాబట్టి పాంథర్స్‌కి గోల్స్ తన్నే నేథన్ క్లియరీ పక్క గీత దగ్గర నుంచి తన్నాల్సి వచ్చింది. అది పడితే 12-12, పడకపోతే ఓటమి. మా ముందున్న పెద్దాయన చూడలేక తల వంచి తన బూట్లకేసి చూస్తూ కూర్చున్నారు. నాన్న ముందుకి వంగి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. క్లియరీ తన్నాడు. బంతి కర్రల మధ్య నుంచి పోయింది. స్టేడియం అదిరిపోయింది, మా అబ్బాయి నన్ను పట్టుకుని ఏడ్చేశాడు.

సమంగా ముగిస్తే గోల్డెన్ పాయింట్. అదనపు సమయంలో ఎవరు ముందు పాయింట్ తెస్తే వాళ్ళదే గెలుపు. ఆ టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను. క్రికెట్‌లో సూపర్ ఓవర్‌కి కనీసం బంతులు లెక్కపెట్టుకోవచ్చు, ఇక్కడ ఏ తన్నుతో అయిపోతుందో తెలియదు. సెయింట్ హెలెన్స్ ఆటని నడిపించే హాఫ్‌బ్యాక్ లూయిస్ డాడ్ అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో మడమ వెనక స్నాయువు తెగి సీజన్ అంతా పోగొట్టుకున్న కుర్రాడు. బంతి అతని చేతికొచ్చింది. నేలకి వదిలాడు, తన్నాడు. 13-12.

అంతమందిలో ఆ చిన్న గుంపు కేకలే వినిపించాయి. పెద్దాయన కేక వేయలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకుని కాసేపు అలాగే ఉండిపోయారు. ఆస్ట్రేలియా గడ్డ మీద ఇంగ్లండ్ క్లబ్ ఈ పోటీ గెలవడం 1994 తర్వాత అదే. అప్పట్లో విగన్ 54 వేల మంది ముందు బ్రిస్బేన్ క్లబ్‌ని వాళ్ళ ఊళ్ళోనే ఓడించింది. ఆయన లేచి నాన్నకి చెయ్యి ఇచ్చారు, తర్వాత మా అబ్బాయి దగ్గరికి వచ్చి "మీవాళ్ళు చాలా గొప్పగా ఆడారు బాబూ" అన్నారు. వాడు కళ్ళు తుడుచుకుని "థాంక్యూ" అన్నాడు. ట్రయల్ మ్యాచ్ ఓడిపోయి ఎవరూ అలా ఏడవరు, గెలిచి ఎవరూ అలా ముఖం కప్పుకోరు. పాంథర్స్ ఆటగాళ్ళు కూడా చాలాసేపు మైదానంలో తల దించుకుని నిలబడ్డారు, అది నేను కళ్ళారా చూశాను.

ఇక మీ ఇంట్లోవాళ్ళతో వెళ్ళే విషయం. ముందుగా ఆ ఏడాది మ్యాచ్ ఉందో లేదో, ఏ దేశంలోనో చూసుకోండి. 2025లో తేదీలు కుదరక జరగనే లేదు. ఇక్కడ జరిగితే మైదానం అంచున కాకుండా పది పన్నెండు వరసలు పైన సీట్లు తీసుకోండి, రెండు జట్ల వరసలూ బాగా కనపడతాయి. ఫిబ్రవరిలో పడమటి సిడ్నీ సాయంత్రం కూడా మంటే, టోపీ, నీళ్ళు మరిచిపోవద్దు. వీలైతే వచ్చిన జట్టు అభిమానుల దగ్గర్లో కూర్చోండి. పిల్లలకి ఆట త్వరగా పట్టుబడుతుంది, పెద్దవాళ్ళకి కబడ్డీ తెలిస్తే ఇంకా త్వరగా.

2024లో పాంథర్స్ మళ్ళీ ఆడారు, ఈసారి విగన్ వెళ్ళి. ఇక్కడ ఆదివారం పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చున్నాం. 16-12తో విగన్ గెలిచింది. చివరి క్షణంలో పాంథర్స్ ఆటగాడు టేలన్ మే గీత దగ్గర పడ్డాడు, వీడియో రిఫరీ ట్రై ఇవ్వలేదు. 1991, 2004, 2023, 2024, నాలుగుసార్లు ఆడి పాంథర్స్ ఒక్కసారీ ఈ కప్పు గెలవలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఊరి నుంచి నాన్న ఫోన్ చేసి నాతో మాట్లాడకుండానే "ఫోన్ వాడికివ్వమ్మాయ్" అన్నారు. స్పీకర్ పెట్టాను. "ఎంత తేడాతో పోయింది కన్నా?" అని అడిగారు. "నాలుగు పాయింట్లు, తాతయ్యా." కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "సరే, ఆఖరి పట్టు ఎవరు పట్టారో, ఎట్టా పట్టారో మొత్తం చెప్పు" అన్నారు. వాడు అరగంట సేపు చెప్పాడు.