‘లోపు’ వేరు, ‘దాకా’ వేరు

చి. స్వాతికి,

మామయ్య ఆశీస్సులు. నర్సులకీ డాక్టర్లకీ పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీకి ఫీజు కట్టావని, పాసైతే ఇంగ్లండ్‌లో నర్సుగా చేరతావని అమ్మ చెప్పింది. సాయంత్రం వీధిలో అందరికీ చెప్పి వచ్చాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

నీకు గ్రామర్ వచ్చు. ప్రిపొజిషన్ల దగ్గరే జాగ్రత్త. మనం ‘జ్వరంతో’ బాధపడతాం, ఇంగ్లీషులో అక్కడ ‘ఫ్రమ్’ పడాలి. మందు పడకపోతే ‘అలర్జిక్ టు’. ఆస్పత్రిలో చేర్చితే ‘అడ్మిటెడ్ టు’. ‘మూడు రోజుల నుంచి’ అంటే ‘ఫర్’, ‘సోమవారం నుంచి’ అంటే ‘సిన్స్’. మాటని, దాని ప్రిపొజిషన్‌ని కలిపే రాసుకుని చదువు.

ఇక ‘బై’, ‘టిల్’. ఇది నిదానంగా చదువు.

మీ అమ్మ పెళ్లి 14వ తేదీన. చిన్న మామయ్య అప్పుడు మిలిటరీలో, పంజాబ్‌లో ఉన్నాడు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనే కదా అని వాడి ఆఫీసరుకి ఉత్తరం రాశాను. వాడు 12వ తేదీలోపు ఇంటికి చేరేలా సెలవు ఇవ్వమని నా ఉద్దేశం. రాసింది మాత్రం ‘లీవ్ టిల్ ట్వెల్త్’. ఆయన అలాగే ఇచ్చాడు, 12 దాకా. వాడు 8న దిగాడు, పందిరి రాటలు పాతించాడు, 10న మళ్లీ రైలెక్కాడు. ప్లాట్‌ఫారం మీద నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

పెళ్లి ఫొటోల్లో చిన్న మామయ్య ఏడని చిన్నప్పుడు అడిగేదానివి. సెలవు దొరకలేదని చెప్పాను. దొరికింది తల్లీ, నేనే పాడుచేశాను.

ఆరింటిలోపు మందు ఇవ్వాలంటే ‘బై సిక్స్’. ఆరింటి దాకా సెలైన్ ఎక్కుతూ ఉండాలంటే ‘టిల్ సిక్స్’. నువ్వు రాసిన కాగితం చూసే తరవాతి డ్యూటీ నర్సు పని చేస్తుంది. ఫోన్లో మెసేజీలు రాసినట్టు తోచింది రాసేయకు, ఆ తొందర నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. రైటింగ్‌కి ఇచ్చేది 45 నిమిషాలు, అందులో మొదటి 5 చదవడానికే పోతాయి. చివరి రెండు నిమిషాలు ఈ చిన్న మాటలు సరిచూసుకోవడానికి ఉంచు.

ప్రాక్టీసు ఉత్తరాలు నాకు వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపుతాను. రాత్రిళ్లు టీ తాగి మేలుకోకు, వేళకి తిను. చిన్న మామయ్య నీకోసం పెద్ద సూట్‌కేసు కొన్నాడు. ఆదివారంలోపు తెస్తానన్నాడు.

మీ పెద్ద మామయ్య