విడాకుల సంగతి దాచాను.. ఇప్పుడు అతను నా పత్రాలన్నీ అడుగుతున్నాడు!

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. హనుమకొండలో అమ్మతో ఉంటున్నాను. కాజీపేటలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. 2017లో పెళ్లయింది. పొసగక 2020లో ఇద్దరం ఒప్పుకొని విడాకులు తీసుకున్నాం. పిల్లలు లేరు. నిరుడు మా తమ్ముడు పెళ్లిసంబంధాల సైటులో నా వివరాలు పెడుతూ ‘అవివాహిత’ అని రాశాడు. అలా రాస్తేనే ఎవరైనా ఫోన్ చేస్తారన్నాడు. వద్దన్నాను కానీ గట్టిగా పట్టుబట్టలేదు. కోరుట్ల దగ్గరి సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయికి దుబాయ్‌లో ఉద్యోగమట. నాలుగు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. మాట నెమ్మది. ఈమధ్య ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి పంపమంటే పంపాను. ఇప్పుడు పాన్ కార్డు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, నా మెయిల్ పాస్‌వర్డు కావాలంటున్నాడు. ‘దాచడానికి ఏమీ లేనప్పుడు భయమెందుకు?’ అంటాడు. అతని వివరాలు నేనేమీ అడగలేదు. నేనే అబద్ధం చెప్పినప్పుడు ఏ ముఖం పెట్టుకొని అడగను? పెళ్లయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చని అమ్మ అంటోంది. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: ‘ఏ ముఖం పెట్టుకొని అడగను’ అన్న మాట దగ్గరే మీ చిక్కంతా ఉందమ్మా. ఒక విషయం దాచారు కాబట్టి ఇక దేనికీ కాదనే అర్హత లేదని మీకు మీరే తీర్పు చెప్పుకున్నారు. ఆ బరువుతోనే ఆధార్ పంపారు. పాస్‌వర్డు కూడా ఇచ్చేస్తే తప్పు తీరిపోతుందేమో అన్న ఆలోచన మీ ఉత్తరంలో కనిపిస్తోంది. తీరదు. మీరు అతనికి బాకీ ఉన్నది ఒక్క నిజం. ఎన్ని కాగితాలు పంపినా ఆ బాకీ అలాగే ఉంటుంది. పైగా మీ మెయిల్‌లో విడాకుల నాటి వకీలు ఉత్తరాలు, కోర్టు కాగితాలు ఉండే ఉంటాయి. మీరు నోటితో చెప్పాల్సింది అతను వాటిలో వెతికి తెలుసుకుంటే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు.

అందుకే మొదట చెప్పేయండి. ఈ వారంలోనే, నిశ్చితార్థం ఊసు రాకముందే చెప్పండి. మెసేజ్ పెట్టకండి, తమ్ముడితో చెప్పించకండి. ముఖం కనిపించేలా వీడియో కాల్ చేసి మీరే చెప్పండి. పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. ‘నాకు 2017లో పెళ్లయింది, 2020లో చట్టప్రకారం విడాకులు వచ్చాయి. సైటులో అవివాహిత అని రాయడం తప్పు, ఆపకపోవడం నా తప్పు. మీరు ఆలోచించుకొని చెప్పండి’ అంటే చాలు. మొదటి భర్త మంచిచెడ్డలు ఆ రోజు ఎత్తకండి. విడాకుల తీర్పు ప్రతి మాత్రం ఫోన్లో పంపవద్దు. అందులో ఇద్దరి చిరునామాలు, ఒప్పందం షరతులు ఉంటాయి. పెద్దలు ఎదురెదురుగా కూర్చున్న రోజు చేతికిచ్చి చూపించవచ్చు.

పెళ్లయ్యాక చెప్పుకోవచ్చన్న మీ అమ్మగారి మీద నాకు కోపం లేదు. ఎవరి తప్పు ఎంతైనా విడాకుల మచ్చ ఆడపిల్లకే అంటగట్టే ఊళ్లు మనవి. కూతురికి మళ్లీ సంబంధం రాదేమోనన్న భయంతో ఆమె అలా అంటున్నారు. కానీ ఆ దారి మిమ్మల్ని ఇంకా పెద్ద ఆపదలో పడేస్తుంది. ముఖ్యమైన సంగతి దాచి, మోసంతో సమ్మతి పొందిన పెళ్లిని రద్దు చేయమని కోరడానికి 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 12వ సెక్షన్ వీలిస్తుంది. మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్లవచ్చు. మొదటి పెళ్లిని దాచడాన్ని కోర్టులు అలాంటి మోసంగానే చూసిన సందర్భాలున్నాయి. అంతెందుకు, భార్యగా దుబాయ్ వెళ్లాలంటే పెళ్లి ధ్రువపత్రం కావాలి. పెళ్లి నమోదు చేసేటప్పుడు వధువు అంతకుముందు అవివాహితా, విడాకులు పొందిందా అని అడుగుతారు. ఇవాళ సైటులో ఉన్న అబద్ధాన్ని ఆ రోజు మీ సంతకంతో సర్కారు కాగితం మీదికి ఎక్కించాల్సి వస్తుంది. ఇవన్నీ అమ్మకు నిదానంగా వివరించండి. చట్టప్రకారం విడిపోయిన మనిషి మారుమనువు చేసుకోవడంలో తలదించుకోవాల్సింది ఏమీ లేదని కూడా చెప్పండి.

ఇక అతని సంగతి. ఒక్క ఉత్తరం చదివి అతను మోసగాడని నేను అనలేను. గల్ఫ్‌లో కష్టపడే అబ్బాయిలను పెళ్లి పేరుతో దోచుకున్నవాళ్లూ ఉన్నారు. అతను అలాంటి భయంలోనే ఉన్నాడేమో! కానీ ఎవరి భయమైనా సరే, మనిషి ఎవరో తెలుసుకోవడం వేరు, ఆ మనిషి సొంత బతుకు తాళాలు అడగడం వేరు. పేరు, వయసు, ఊరు, ఉద్యోగం, ఇంతకుముందు పెళ్లయిందా లేదా అన్నవి తెలుసుకునే హక్కు అతనికి ఉంది, అంతే హక్కు మీకూ ఉంది. వీటిలో దేనికీ పాస్‌వర్డుతో పని లేదు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చేతిలో ఉంటే మీ జీతం ఏ తేదీన పడుతుందో, ఖాతాలో ఎంత మిగులుతుందో, ఎవరికి ఎంత పంపుతారో అన్నీ తెలిసిపోతాయి. మెయిల్ పాస్‌వర్డు ఇచ్చారంటే దానికి ముడిపడి ఉన్న మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చే దారి కూడా ఇచ్చినట్లే. పెళ్లయిన భర్త అడిగినా ఇవ్వాల్సిన పని లేని వస్తువు అది. ‘దాచడానికి ఏమీ లేనప్పుడు’ అన్న మాట అతని నోట మళ్లీ వస్తే, ‘మరి మీ వివరాలు కూడా చూపండి’ అనండి. జవాబును బట్టి మనిషి చాలావరకు అర్థమవుతాడు.

సైటులో అతని పేరు పక్కన ఉన్న టిక్కు గుర్తును నమ్ముకోకండి. వివరాలు పెట్టేవాళ్ల గుర్తింపును సరిచూడాలని పెళ్లిసంబంధాల సైట్లకు కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ గుర్తు చాలాసార్లు ఫోన్ నంబరునో, ఒక కార్డునో చూశామని చెప్పేంతవరకే. మీ పేరు పక్కనా అది ఉండే ఉంటుంది, కింద ‘అవివాహిత’ అనీ ఉంది కదా!

వాకబు మన పెద్దలు చేసినట్లే చేయండి. కోరుట్ల మీకు దూరాభారం కాదు, కరీంనగర్, జగిత్యాల మీదుగా బస్సులో వెళ్లి రావచ్చు. అమ్మనో, మేనమామనో తోడు పెట్టుకొని అతని ఇంటికి వెళ్లండి. అమ్మానాన్నలతో మాట్లాడండి. వీధి చివర కిరాణా దుకాణంలో, ఇరుగుపొరుగు ఇళ్లలో అడగండి. జగిత్యాల జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. దుబాయ్‌లో ఉండి వచ్చినవారు ఆ చుట్టుపక్కల తప్పకుండా దొరుకుతారు, అతను చెప్పిన కంపెనీ, క్యాంపు నిజమా కాదా వాళ్లు చెప్పగలరు. అక్కడ నివాసం ఉండేవాళ్లందరికీ ఎమిరేట్స్ గుర్తింపు కార్డు ఉంటుంది. నంబరు మీద వేలు పెట్టి మూసి, పేరు, ఫొటో కనిపించేలా వీడియో కాల్‌లో చూపమనండి. మీరూ మీ ఆధార్‌ను అలాగే చూపండి. ఇద్దరికీ ఒకటే పద్ధతి కాబట్టి అవమానం ఎవరికీ లేదు.

పంపేసిన ఆధార్ గురించి కంగారు పడకండి, కానీ తాత్సారం చేయకండి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గానీ ఆ సంస్థ యాప్‌లో గానీ మీ వేలిముద్రలు, కంటిపాప గుర్తులకు తాళం వేసుకోవచ్చు. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో కూడా అక్కడే కనిపిస్తుంది. తెలియని చోటు ఏదైనా ఉంటే 1947కు ఫోన్ చేయండి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో చూసుకోండి, మీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి. ఇకముందు ఎవరికైనా ఆధార్ ప్రతి ఇవ్వక తప్పకపోతే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దిగుమతి చేసుకొని అదే ఇవ్వండి. ఫోన్‌కు వచ్చే ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు, ఎంత ప్రేమగా అడిగినా సరే.

ఇంకో భయం కూడా ఉండి ఉంటుంది మీకు. నిజం చెప్పాక దాన్నే పట్టుకొని ‘బడిలో చెబుతాను, ఊళ్లో చెబుతాను’ అని అతను బెదిరిస్తే? అందుకే అతనికి చెప్పకముందే అమ్మకు, తమ్ముడికి మీ నిర్ణయం చెప్పండి. సైటులో ‘విడాకులు పొందినవారు’ అని మీ చేతులతో మార్చండి. అందరికీ తెలిసిన విషయంతో ఎవరినీ బెదిరించలేరు. అయినా బెదిరింపు వస్తే మెసేజ్‌లు చెరిపేయకుండా దాచి, వరంగల్ పోలీస్ కమిషనరేట్‌లో ఆడవాళ్ల రక్షణ చూసే షీ టీమ్స్‌కు చెప్పండి, లేదా మహిళల సహాయ నంబరు 181కు ఫోన్ చేయండి. డబ్బు పోయిందంటే క్షణం ఆగకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

నిజం విన్నాక అతను ఈ సంబంధం వద్దనుకోవచ్చు. ఆ హక్కు అతనికి ఉంది. నాలుగు నెలలు అతను మిమ్మల్ని పెళ్లికాని మనిషని నమ్మి మాట్లాడాడు కాబట్టి కోపం వచ్చినా తప్పు పట్టకండి, బతిమాలకండి. సరేనని ఒప్పుకొని, మరునాడు మళ్లీ పాస్‌వర్డు, స్టేట్‌మెంట్ అని మొదలుపెడితే, ‘మీ అమ్మానాన్నలను హనుమకొండ పంపండి, కోర్టు తీర్పుతో సహా చూడాల్సినవన్నీ మా ఇంట్లో చూద్దురు’ అని చెప్పి ఫోన్ పెట్టేయండి.