తప్పిపోయిన మనిషి ఫోన్‌ని బ్లాక్ చేయకండి

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్లు, మతిమరుపు ఉంది. నాలుగు రోజులుగా కనిపించడం లేదు. ఫోన్ స్విచాఫ్ వస్తోంది. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఫోన్ పోయిందని పెడితే ఆయన ఆచూకీ తెలుస్తుందా? ఆధార్ నంబరుతో వెతకొచ్చా? వాట్సాప్‌లో తిప్పుతున్న పోస్టర్ కూడా జతచేశాను.
– ఓ పాఠకురాలు, జనగామ

జవాబు: అమ్మా, ఆ పని మాత్రం చేయకండి. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి. చాలామంది ఆ పని చేసేశాకే రాస్తున్నారు.

సంచార్ సాథీలోని ఆ సేవ పోయిన ఫోన్ కోసం పెట్టింది, తప్పిపోయిన మనిషి కోసం కాదు. అక్కడ నమోదు చేస్తే ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. మీ నాన్నగారు ఎక్కడో దాన్ని ఛార్జింగ్ పెట్టించుకుని ఇంటికి ఫోన్ చేయాలనుకున్నా కాల్ వెళ్లదు. పైగా ఓటీపీ కోసం అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోమంటారు. కొత్త సిమ్ పనిచేయడం మొదలైతే ఆయన జేబులో ఉన్నది చచ్చిపోతుంది. మనిషికీ ఇంటికీ మధ్య మిగిలిన ఒక్క దారాన్నీ మన చేతులతోనే తెంపుకున్నట్టు. ఫారం నింపేటప్పుడు ‘ఫోన్‌తో పాటు మనిషి కూడా కనిపించడం లేదా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే ఈ అనర్థం ఆగిపోయేది. ఆ ఒక్క గడి ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. ఇప్పటికే బ్లాక్ చేయించి ఉంటే అదే పోర్టల్‌లో వెంటనే అన్‌బ్లాక్ అడగండి. ఆయన ఫోన్‌లోని ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చకండి, మారిస్తే ఆ ఖాతా ద్వారా ఫోన్ జాడ వెతికే వీలు పోవచ్చు.

ఆయన నంబరుకు ఇవాళే రీఛార్జ్ చేయించండి. గడువు దాటితే ఇన్‌కమింగ్ ఆగుతుంది. 90 రోజులు వాడకం లేకపోతే నంబరే రద్దు కావచ్చు.

టవర్ లొకేషన్ పోలీసులకే దొరుకుతుంది. నంబరు కొడితే మనిషి ఎక్కడున్నాడో చూపిస్తామనే యాప్‌లు మీ కాంటాక్టులు లాక్కోవడానికే. మనిషి తప్పిపోయారని ఫిర్యాదు ఇవ్వడానికి 24 గంటలు ఆగి రమ్మనే నిబంధన ఏదీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందన్న అనుమానం ఉంటే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, పరిధి అడ్డు రాదు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కూ చెప్పండి. దిక్కులేకుండా కనిపించిన పెద్దవాళ్ల గురించి జనం ఆ నంబరుకే ఫోన్ చేస్తుంటారు.

ఆధార్‌తో మీరు వెతకలేరు. వివరాలు బయటపెట్టించాలంటే హైకోర్టు ఉత్తర్వు కావాలి. అయితే ఆశ్రమాల్లో చేరినవాళ్లకు కొత్తగా ఆధార్ తీయబోతే, వేలిముద్రలు పాత ఆధార్‌లోని వాటితో సరిపోలి దరఖాస్తు తిరస్కరణకు గురై, ఆ ఆధారంతో ఇల్లు చేరినవాళ్లున్నారు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మీరు వాట్సాప్‌లో తిప్పుతున్న పోస్టర్. ఆధార్ కార్డు ఫొటో, ఇంటి అడ్రసు, మీ నంబరు, ఒంటి మీది మచ్చలు, అన్నీ అందులోనే పెట్టారు. ‘మీ నాన్న మా ఊరి ఆసుపత్రిలో ఉన్నారు, వైద్యానికి 8 వేలు పంపండి’ అని ఫోన్ వస్తే ఆ క్షణంలో ఏ కూతురు ఆగగలదు? మోసగాడికి కావలసిందీ అదే. ఆధార్ ఫొటో తీసేయండి. స్టేషన్ నంబరు పెట్టండి. ఒక గుర్తు పోస్టర్‌లో వేయకుండా దాచుకోండి. ఫోన్ చేసినవాళ్లను ఆ గుర్తే అడగండి. వీడియో కాల్‌లో మనిషిని చూపించమనండి, లేదా దగ్గరి స్టేషన్‌కు తీసుకెళ్లి అక్కణ్నుంచి మాట్లాడించమనండి. అంతవరకూ రూపాయి కూడా పంపొద్దు.

ఇంకొకటి, మన పేర్ల సంగతి. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో ఒక్కో ఆఫీసువాళ్లు ఒక్కోలా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, మరోచోట పొడి అక్షరమే మిగులుతుంది. ఒక్క అక్షరం తేడా వస్తే కంప్యూటర్‌కు అది వేరే మనిషి. ఎక్కడైనా తెలుగులో వెతికే వీలు కల్పించకపోతే అది క్షమించరాని నిర్లక్ష్యమే. అందుకే తప్పిపోయి దొరికినవాళ్ల వివరాలుండే పోలీస్ పోర్టల్‌లో వెతికేటప్పుడు పేరును నమ్ముకోకండి. వయసు, ఎత్తు, తేదీలతో వెతకండి, పక్క జిల్లాలు కూడా చూడండి. ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో ఆయన పేరు ఎలా ఉందో అన్నీ ఒక కాగితం మీద రాసి ఫిర్యాదుకు జతచేయండి. మిమ్మల్ని ఇంట్లో ఆయన ఏ పేరుతో పిలుస్తారో అదీ రాయండి. మతిమరుపు ఉన్నవాళ్లు తమ పేరు మరిచినా కూతురి పేరు పలకొచ్చు.